మెడలోనే ఉండిపోయిన గంట

అనగనగా ఒక అడవిలో బళ్ళు తిరిగే బాట ఒకటి ఉండేది. బాటంటే మన తారు రోడ్డు కాదు. రెండు చక్రాల జాడలు, మధ్యలో గడ్డి, అంతే. కానీ దానికీ ఒక చట్టం ఉండేది.

బండి లాగే ప్రతి జంతువూ మెడలో గంట కట్టుకోవాలి. దారిలో ఎవరికైనా బండి తగిలితే అక్కడే ఆగాలి. గంట విప్పి, పక్కనున్న చెట్టుకొమ్మకు కట్టాలి. గాలికి గంట మోగుతుంది. బళ్ళను ఆపి చూసే నాకాలో కావలి కాసే కొండముచ్చు ఆ మోత విని పరుగెత్తుకొస్తాడు. కట్టు కట్టే కొంగను వెంటబెట్టుకొస్తాడు.

గంట కట్టిన బండి మూడు రోజులు కదలకూడదు. అదే శిక్ష. నాలుగో రోజు గంట మళ్ళీ మెడలోకి వచ్చేస్తుంది. ఎవరూ ఒక్క మాట అనరు. మూడు రోజులే పిల్లలూ, గుర్తుపెట్టుకోండి.

ఆ బాట మీద జోరన్న అని ఒక మనుబోతు బండి లాగేవాడు. మనుబోతు అంటే గుర్రమంత ఎత్తుండే అడవి జంతువు. జోరన్నకు ఒకటే గొప్ప, సంతకు అందరికంటే ముందు తన బండే చేరాలి. ఎవరైనా ముందు పోతే ఆ రోజంతా అతనికి తిండి సయించేది కాదు.

ఒక రోజు పొద్దున్నే బండి నిండా సీతాఫలాలు వేసుకుని బయలుదేరాడు. బాగా పండినవి. సాయంత్రం దాకా ఆగవు. జోరన్న మలుపు దగ్గర కూడా వేగం తగ్గించలేదు.

ధడ్!

కుడి చక్రం ఎగిరిపడింది. వెనక్కి తిరిగి చూశాడు. గుండ్రంగా, పొలుసులు పొలుసులుగా ఏదో దొర్లుకుంటూ పక్కనున్న గోతిలో పడింది.

"అమ్మా!" అని వినిపించింది.

"రాయి. రాయే అయ్యుంటుంది" అనుకున్నాడు జోరన్న.

రాయి ఎక్కడైనా అమ్మా అంటుందా? ఆ సంగతి మీకూ తెలుసు, జోరన్నకూ తెలుసు. అది అలుగు అలివేలమ్మ. భయమేస్తే అలుగు ముడుచుకుని బంతిలా అయిపోతుంది. పుట్ట తవ్వుకుని నాలుగు చెదలు తిందామని వచ్చి, దారి దాటబోయింది పాపం.

జోరన్న కాళ్ళు ఆగబోయాయి. మనసు ఆగనివ్వలేదు. "ఇప్పుడు గంట కడితే మూడు రోజులు బండి ఉండిపోతుంది. పళ్ళన్నీ కుళ్ళిపోతాయి. సంతలో నా చోటు ఇంకొకరు పట్టేస్తారు. ఎవరూ చూడలేదుగా!"

పరుగు తీశాడు.

కానీ గంట ఊరుకుంటుందా? అడుగడుగుకీ గణగణమంది. రోజూ వినే మోతే. ఆ రోజు మాత్రం అతని చెవికి "కట్టు... కట్టు..." అన్నట్టు వినిపించింది. కూతవేటు దూరం పోయేసరికి ఇక భరించలేకపోయాడు. ఆగి, నోటితో పచ్చగడ్డి పీకి గంటలో కుక్కాడు. మోత ఆగిపోయింది.

ఇక హాయిగా ఉంటుందనుకున్నాడు. ఎక్కడి హాయి?

వాగు దగ్గర గోరింక పలకరించింది. "ఏం జోరన్నా, గంట మోగట్లేదేం?"

"నాలుక ఊడిపోయిందమ్మా" అన్నాడు. నీళ్ళు కూడా తాగకుండా వాగు దాటేశాడు.

నాకా దగ్గర కొండముచ్చు కోటయ్య ఆపాడు. "గంట మోత లేకుండా వచ్చావేంటి జోరన్నా?"

"ఇంట్లో పసికూన పడుకుందని పొద్దున గుడ్డ చుట్టాను. తీయడం మరిచిపోయాను."

"సరే, తీసేయ్. దారంతా బాగానే ఉందా? ఏమైనా జరిగిందా?"

చూశారా, ఎంత మంచి సమయమో! చెప్పేస్తే అయిపోయేది. అప్పటికి ఎండ కూడా ఎక్కలేదు. మాట జోరన్న పెదవి దాకా వచ్చింది.

"ఏం లేదన్నా" అని మింగేశాడు.

సంతలో పళ్ళు కొనడానికి ఎలుగుబంటి బంగారమ్మ వచ్చింది. "అదేంటయ్యా, నీ గంట మూగబోయింది?"

"పాతదైపోయిందమ్మా. కొత్తది చేయిస్తున్నా."

అందరికంటే ముందు చేరాడు. పళ్ళన్నీ అమ్ముడుపోయాయి. అయినా కుదురు లేదు. వెనక ఎవరైనా నవ్వితే ఉలిక్కిపడ్డాడు. గోతిలో ఏముందో, లేచిందో లేదో అని పదిసార్లు అనుకున్నాడు. ఒక్క పండు నోట పెట్టబోతే దాని పొలుసుల తొక్క చూసి కిందపడేశాడు.

పొద్దు వాలుతుండగా ఇంటికి బయలుదేరాడు. చుట్టుదారి ఒకటుంది. కానీ కాళ్ళు ఆ మలుపు వైపే లాగాయి. "లేచి వెళ్ళిపోయే ఉంటుంది. ఖాళీ గొయ్యి ఒక్కసారి చూస్తే చాలు, మనసు కుదుటపడుతుంది." బంగారమ్మ ఇల్లూ అటే కాబట్టి బండి వెనకాలే నడిచింది.

గొయ్యి ఖాళీగా లేదు. చుట్టూ గుంపు. గోరింక ఉంది, కోటయ్య ఉన్నాడు, కొంగ వంగి చూస్తోంది. గోతిలో అలివేలమ్మ పడి ఉంది. కుడి ముందుకాలు నలిగి వాచిపోయింది. రోజూ చీమలను తినే అలుగు. ఆ రోజు ఆ కాలి మీద చీమలు పాకుతుంటే విదిలించుకునే ఓపిక కూడా లేదు.

జోరన్న అందరి వెనక నిలబడ్డాడు.

"పొద్దుటి నుంచీ ఎండలో ఇలాగే పడున్నావా?" అన్నాడు కోటయ్య. "ఇప్పుడు గోరింక ఇటు ఎగురుతూ చూసి చెబితే వచ్చాను. ఎవరినీ పిలవలేదేం పెద్దమ్మా?"

"పిలవడమెందుకయ్యా?" అంది అలివేలమ్మ నీరసంగా. "తగిలించినాయన గంట చప్పుడు అంత దూరం పోయి ఆగిపోయింది. చెట్టుకు కడుతున్నాడనుకున్నా. ఉడుత వచ్చి, కోటయ్యను పిలవనా అంది. నేనే వద్దన్నా. ఆయన కట్టాడమ్మా, గాలి లేక మోగట్లేదు, గాలి వస్తే మోగుతుంది, అప్పుడు అందరూ వస్తారు అని చెప్పి పంపించేశా."

జోరన్న ఒళ్ళంతా వణికింది. ఎండకు ఎండిపోయిన గడ్డి గంటలోంచి జారి కింద పడింది.

గణ... గణ...

అలివేలమ్మ ముఖం వెలిగిపోయింది. "అదిగో! విన్నారా? గాలొచ్చింది! నేను చెప్పలేదూ, ఆయన కట్టాడని!"

ఆకు కూడా కదలడం లేదు. అందరూ మెల్లగా వెనక్కి తిరిగారు. గంట చెట్టుకు లేదు. జోరన్న మెడలోనే ఉంది.

ఎవరూ అరవలేదు, తిట్టలేదు. అలివేలమ్మ తల పక్కకు తిప్పుకుంది. అరిచినా బాగుండేది అనిపించింది జోరన్నకు.

"పొద్దున్నే నన్ను తెచ్చుంటే కాలు అతికేది. ఇప్పుడు ప్రాణం నిలబెడతాను కానీ, ఈ కాలు ఇక పుట్ట తవ్వలేదు" అంది కొంగ.

మర్నాడు అడవిదున్న పెద్దాయన ముందు విచారణ జరిగింది.

"అది రాయనుకున్నానండి" అన్నాడు జోరన్న.

"నాలుక ఊడిందని నాతో చెప్పాడు" అంది గోరింక. "గుడ్డ చుట్టానన్నాడు నాతో" అన్నాడు కోటయ్య. "పాతదైపోయిందన్నాడు నాతో" అంది బంగారమ్మ.

పెద్దాయన గంటను కొమ్ముతో కదిపి చూశాడు. నాలుక ఉంది. గుడ్డ లేదు. ఖంగుమని మోగింది. "రాయేనని నమ్మినవాడికి ఇన్ని అబద్ధాలతో పనేముంది?" అన్నాడు.

తర్వాత తీర్పు చెప్పాడు.

"బండి తగిలినందుకు మూడు రోజులు. అది ఎవరికైనా జరిగేదే. ఆగకుండా, చెప్పకుండా పోయినందుకు మూడేళ్ళు బండి పట్టకూడదు. అడిగినా దాచావు. అందుకని గంట ఇక నీది కాదు. నిన్న కట్టాల్సిన కొమ్మకే కట్టి వదిలేస్తాం. అలివేలమ్మ బతికినన్నాళ్ళూ నువ్వే వెళ్ళి పుట్ట తవ్విపెట్టాలి."

అప్పటి నుంచి జోరన్న రోజూ తెల్లారేసరికి మలుపు దగ్గర పుట్ట గిట్టలతో తవ్వేవాడు. మిగతా బళ్ళు గంటలు మోగించుకుంటూ సంతకు పోతుంటే వంచిన తల ఎత్తేవాడు కాదు. అలివేలమ్మ మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చి, మాట్లాడకుండా తిని పోయేది.

ఒక రోజు గాలి వీచింది. కొమ్మ మీద గంట గణగణ మోగింది. జోరన్న తవ్వడం ఆపేశాడు.

"పిన్నీ, తప్పైపోయింది" అన్నాడు.

"తప్పే నాయనా" అంది అలివేలమ్మ. "ఆ ఒక్క మాట ఆ రోజే చెప్పుంటే నీకు బండి ఉండేది. నాకు కాలు ఉండేది."

జోరన్న మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు.

నీతి: తెలియక తగిలితే అది పొరపాటు, తెలిసి ఆగకుండా, చెప్పకుండా పోతే అది నేరం.