ఓంకార శెట్టి ఊఁకారం

అనగనగా అనగానే మీరు "ఊఁ" అనాలి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ కాలు కదపదు. అయితే ఈ కథకు మాత్రం కాస్త చూసుకుని ఊఁ కొట్టండి. తర్వాత నన్ననుకుంటే లాభం లేదు.

అనగనగా తియ్యనూరు అనే పట్నం. ఆ పట్నంలో ఓంకార శెట్టి అనే బెల్లం వర్తకుడు. మనిషి మంచివాడే. అబద్ధమాడడు, తూకంలో మోసం చేయడు. తెల్లవారేసరికి స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, ఇంట్లో పూజామందిరం ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. మంగళహారతి అయ్యేదాకా లేవడు. పూజ మధ్యలో ఒక్క లౌకికమైన మాట నోట రానివ్వడు. ఆయన నిష్ఠను ఊరంతా మెచ్చుకునేది.

ఊరికేం, ఎన్నయినా మెచ్చుకుంటుంది. ఆ నిష్ఠతో కాపురం చేసేది ఊరు కాదు, ఆయన భార్య కన్యకమ్మ.

శెట్టి మాట్లాడడు సరే, కానీ ఊరుకోడు కదా! పీట మీద కూర్చున్నాకే ఆయనకు ఒక్కొక్కటీ గుర్తొస్తుంది. అగరువత్తులు మరిచిపోయాడు, "ఊఁ!" దీపంలో నూనె తగ్గింది, "ఊఁ ఊఁ!" గడపలోకి పిల్లి వచ్చింది, "ఊఁఊఁఊఁ!" దానికి తోడు కళ్లెగరేయడాలు, చిటికెలు వేయడాలు. అష్టోత్తరంలో నామాలు నూట ఎనిమిదైతే శెట్టిగారి ఊఁలు నూట పదహారు. ఊళ్లో పిల్లకాయలు ఆయనకు చాటుగా ఊఁకార శెట్టి అని పేరు పెట్టారు.

"మూగవాడి సైగలు తల్లికే తెలుస్తాయంటారు. నేనీయనకు భార్యనా, తల్లినా?" అని కన్యకమ్మ వంటింట్లో గొణుక్కునేది. "దేవుణ్ణి నూట ఎనిమిది పేర్లు పెట్టి పిలిచే నోరు. ఇరవై ఏళ్లయింది, ఆ గదిలో నా పేరు ఒక్కసారి పలికితే ఒట్టు. నా పేరు ఊఁ కాబోలు!"

ఒకరోజు శెట్టి పీట మీద నుంచి "ఊఁ!" అని, ఎడమ అరచేతిలో కుడి పిడికిలి పెట్టి గుండ్రంగా తిప్పాడు. మజ్జిగ చిలకమంటున్నాడేమోనని కన్యకమ్మ కవ్వం తెచ్చింది. శెట్టి ఉరిమి చూశాడు. పప్పుగుత్తి తెచ్చింది. శెట్టి పళ్లు కొరికాడు. చివరికి గంధం సాన తెచ్చేసరికి, పొయ్యి మీద నైవేద్యం మాడి బొగ్గయింది. అడుగంటిన ఆ ప్రసాదం తిన్నది ఎవరు? కన్యకమ్మే.

ఇంకోరోజు శెట్టి ముక్కు ఎగబీల్చి, "ఊఁ! ఊఁ!" అని రెండు చేతులూ పైకెత్తాడు. పైకి అంటే ఉట్టి కాబోలనుకుంది కన్యకమ్మ. పీట ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి ఉట్టి దించి తెచ్చింది. ఈలోగా పొయ్యి మీది పాలు పొంగి, పొయ్యి ఆరి, వంటిల్లంతా ఏరయింది.

హారతి అయ్యాక శెట్టి లేచి వచ్చి కేకలేశాడు. "పాలు పొంగుతున్నాయని చెబుతూనే ఉన్నానుగా!"

"ఎక్కడ చెప్పారండీ? ఊఁ అన్నారు!"

"పూజలో మాట్లాడకూడదని తెలియదూ?"

"మాట్లాడకూడదు గానీ, మనసు మాత్రం వంటింట్లో పాలగిన్నె చుట్టూ తిరగొచ్చు! చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అంటే ఇదేనండీ!"

శెట్టికి కోపం వచ్చి సాయంత్రం దాకా అలిగాడు. ఆ అలకలోనూ ఊఁలే. కన్యకమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మూడో సంగతి వినండి. నవ్వులాటగా ఉన్నది నవ్వులాటగా ఉండకుండా పోయింది ఇక్కడే.

కన్యకమ్మకు గౌరి అని ఒక ఆవు ఉండేది. పుట్టిన రోజే తల్లిని పోగొట్టుకున్న దూడను, వెదురు గొట్టంతో పాలు పోసి తన చేతులతో పెంచింది. ఇప్పుడు ఆ గౌరికే పదిరోజుల దూడ. శెట్టి అభిషేకానికి పాలు గౌరివే. కన్యకమ్మ కష్టసుఖాలు చెప్పుకునేదీ గౌరితోనే. అది నోరులేని జీవమైనా, ఇంట్లో నోరున్న జీవం కన్నా నయంగా వినేది మరి.

ఆ గౌరి మీద కూర్మయ్య కన్ను పడింది. కూర్మయ్య పశువుల బేరగాడు, మహా జిత్తులమారి. శెట్టి ఊఁకారం సంగతి వాడి చెవినా పడింది. ఒకనాటి పొద్దున ఇద్దరు మనుషులను సాక్ష్యానికి వెంటబెట్టుకుని వచ్చి, పూజగది వీధి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"శెట్టిగారూ! మీ ఆవును నాకు అమ్ముతారా?" అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే శెట్టి పళ్లెంలో పూలు నిండుకున్నాయి. పెరటి వైపు తిరిగి, "ఊఁ!" అన్నాడు.

"రెండు బస్తాల తవుడుకు ఇస్తారా?"

పూలు ఇంకా రాలేదు. శెట్టి మరింత గట్టిగా, "ఊఁ! ఊఁ!" అన్నాడు.

"అయితే ఇప్పుడే తోలుకుపొమ్మంటారా?"

ఆవు మాట శెట్టి చెవిన పడకపోలేదు. కానీ నోరు విప్పితే నిష్ఠ చెడుతుంది. పానకంలో పుడకలా వీడెవడురా అని విసుక్కుని, పో పొమ్మని చెయ్యి విసిరాడు.

"విన్నారుగా, చూశారుగా!" అన్నాడు కూర్మయ్య తన మనుషులతో. తవుడు బస్తాలు అరుగు మీద పడేసి, గౌరి పలుపు విప్పాడు.

కన్యకమ్మ ఒడి నిండా నందివర్ధనాలతో పెరట్లోంచి వచ్చేసరికి, గౌరి వీధిలో ఉంది. దూడ గుంజ దగ్గర గింజుకుంటోంది. కన్యకమ్మ పూలు పారబోసి పరుగెత్తి పలుపు పట్టుకుంది.

"కొన్నానమ్మా," అన్నాడు కూర్మయ్య తాపీగా. "కావాలంటే శెట్టిగారినే అడగండి. ఆయన కాదన్నారా, ఇక్కడే వదిలేసి నా దారిన నేను పోతాను."

కన్యకమ్మ పూజగదికి పరుగెత్తింది. "ఏమండీ! గౌరిని అమ్మారా? వాడు తోలుకుపోతున్నాడు. కాదని ఒక్క మాట అనండి. ఒక్క మాట!"

శెట్టి కళ్లు ఇంతింతయ్యాయి. జరిగింది అర్థమైంది. 'కాదు' అనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ అష్టోత్తరంలో ఇంకా పదకొండు నామాలున్నాయి. ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి, "ఊఁ!" అని, గబగబా నామాలు అందుకున్నాడు.

"అదిగో, మళ్లీ ఊఁ అన్నారు," అన్నాడు కిటికీలోంచి కూర్మయ్య.

పదకొండు నామాలు. ధూపం, దీపం, నైవేద్యం, హారతి. అన్నీ ముగించుకుని శెట్టి, "కాదు! కాదు! నేనమ్మలేదు!" అని అరుస్తూ వీధిలోకి దూకాడు. వీధిలో ఎవరున్నారు? అరుగు మీద రెండు తవుడు బస్తాలు. లోపల తల్లి కోసం అరుస్తున్న దూడ.

కన్యకమ్మ ఆయన వంక చూసింది. "ఇప్పుడా కాదు ఎవరికండీ? దూడకు పట్టండి, తాగుతుందేమో," అంది.

శెట్టి తల వాలిపోయింది.

తగవు రాజుగారి కొలువుకు వెళ్లింది. కూర్మయ్య మనుషులు సాక్ష్యం చెప్పారు. రాజుగారు శెట్టిని అడిగారు. "ఊఁ అన్న మాట నిజమేనా?"

"నిజమే ప్రభూ. కానీ అది పూల కోసం అన్న ఊఁ."

"పోనీ, మీ ఆవిడ వచ్చి అడిగినప్పుడు కాదని ఎందుకు అనలేదు?"

"పూజలో ఉన్నాను ప్రభూ. మాట్లాడకూడదని..."

రాజుగారికి చిరాకేసింది. "మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మీరు మౌనంగా ఉన్నా సగమే పోయేది. పైన ఊఁ కూడా అన్నారు. సగానికి సగం కలిసి నిండు అంగీకారమైంది. మేం మాత్రం ఏం చేస్తాం?"

కూర్మయ్య మీసం దువ్వుకున్నాడు. అప్పుడు కన్యకమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"ప్రభూ, తీర్పు చెప్పే ముందు నా గోడు ఒక చిన్న కథగా విన్నవించుకుంటాను. కథకు ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి కదా. ప్రభువులను అడగడం మర్యాద కాదు. మా ఆయనను అడుగుదామంటే, ఆయన ఊఁలతో ఇప్పటికే నా కొంప మునిగింది. ఈ కూర్మయ్యను కొట్టమనండి."

గెలిచానన్న హుషారులో ఉన్న కూర్మయ్య, "దానికేం భాగ్యం, కొడతాను!" అన్నాడు.

"అనగనగా ఒక ఆవు."

"ఊఁ."

"ఆ ఆవుకు పదిరోజుల దూడ."

"ఊఁ."

"ఒక బేరగాడు వచ్చి ఆవును తోలుకుపోయాడు. దూడ పాలు లేక రాత్రింబవళ్లు ఏడ్చింది."

"ఊఁ."

"ఆ ఏడుపు వినేసరికి బేరగాడి మనసు కరిగింది."

"ఊఁ."

"రాజుగారి ఎదుటే, ఆ ఆవును తిరిగి ఇచ్చేస్తానని ఒప్పుకున్నాడు."

"ఊఁ."

కన్యకమ్మ ఆగిపోయింది. "విన్నారు కదా ప్రభూ! ఊఁ అన్నాడు."

కూర్మయ్య ఉలిక్కిపడ్డాడు. "అన్యాయం! అది కథకు కొట్టిన ఊఁ ప్రభూ!"

"మా ఆయనది పూలకు కొట్టిన ఊఁ!"

రాజుగారు సింహాసనం మీద వెనక్కి వాలి పకపకా నవ్వారు. "కూర్మయ్యా, ఏదో ఒకటి తేల్చుకో. ఊఁలు చెల్లుతాయంటే, ఆవును ఇచ్చేస్తానని నువ్వు ఒప్పుకున్నట్టే. చెల్లవంటే, ఆవు అసలు నీది కానే కాదు. ఎటు తిప్పినా ఆవు ఈ అమ్మదే. తవుడు బస్తాలు మాత్రం నీకు తిరిగి రావు. దూడ ఏడ్చినందుకు అవి గౌరి తింటుంది."

గౌరి ఇంటికి వచ్చింది. దూడ ఒక్క ఉదుటున పొదుగు కిందకు దూరింది. కన్యకమ్మ గుంజ పక్కన కూలబడి, అప్పుడు ఏడ్చింది.

మర్నాడు శెట్టి చీకటితోనే లేచాడు. పూలు తనే కోసుకున్నాడు. గంధం తనే తీసుకున్నాడు. పాలు, పళ్లు, వత్తులు అన్నీ పీట చుట్టూ సర్దుకుని పూజకు కూర్చున్నాడు. కన్యకమ్మ వంటింట్లో చెవులు రిక్కించుకుని ఉంది. పూజ మొదలైంది, సగమైంది, హారతి దాకా వచ్చింది. ఒక్క ఊఁ లేదు.

తీరా హారతిపళ్లెం అందుకునేసరికి కర్పూరం లేదు. అలవాటు కొద్దీ శెట్టి చిటికె వేయబోయాడు. నోరు ఊఁ అనబోయింది. పశువుల పాకలో దూడ "అంబా" అంది.

శెట్టి చెయ్యి దించాడు. గొంతు సవరించుకున్నాడు.

"కన్యకా! కర్పూరం మరిచిపోయాను. కాస్త తెచ్చిపెడతావా?"

ఇరవై ఏళ్లలో ఆ గదిలో ఆమె పేరు వినపడడం అదే మొదలు. దీపం ఆరిపోలేదు. పటంలోంచి దేవుడు లేచిపోలేదు. కన్యకమ్మ కర్పూరం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఈ మాత్రం మాటకు ఇరవై ఏళ్లా!" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కథ గడప దాటింది, మీరిక ఊఁ కొట్టడం ఆపి మాట్లాడవచ్చు. దేవుణ్ణి వెయ్యి పేర్లతో పిలిచినా, ఇంట్లో మనిషితో అనవలసిన ఒక్క మాట మింగేస్తే ఆ పూజ పూర్తి కాదు.