కొలువు గోడ మీద జొన్న ఆకు

అనగా అనగా, పిల్లలూ, తుంగవరం అనే రాజ్యంలో ఊరందరూ కలిసి రాసుకున్న పెద్ద పుస్తకం ఒకటి ఉండేది. ఎవరికి తెలిసింది వారు చెబితే లేఖకులు తాటాకు మీద రాసి అందులో చేర్చేవారు. అనుమానం వచ్చిన ఆకును మూడు రోజులు కొలువు గోడకు వేలాడదీసేవారు. అది నిజమేనని ఎవరూ ముందుకొచ్చి చెప్పకపోతే దాన్ని పొయ్యిలో వేసేవారు.

పశువులు కాచే సుంకులమ్మ కూడా ఒక ఆకు రాయించింది. "వానలేక వాడిన చేలో లేత జొన్న పిలకలు మేస్తే పశువు చస్తుంది." మూడు ఆవులను పోగొట్టుకుని ఆమె తల్లి తెలుసుకున్న మాట అది.

ఆస్థాన పండితుడు విరూపాక్షయ్య అది చదివి పకపకా నవ్వాడు. "రోజూ మనం తినే జొన్న విషమట!"

ఆకు గోడకెక్కింది. మొదటి రోజు కవులు చూశారు. రెండో రోజు వర్తకులు చూశారు. మూడో రోజు సిపాయిలు చూశారు. ఎవరూ పెదవి విప్పలేదు. కాపరులంతా కొండ మీద ఉన్నారు మరి. ఆకు బూడిదైంది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. రాజుగారి కొత్త కాపరి పుస్తకమంతా వెతికించాడు. జొన్న సంగతి కనబడలేదు. మందను వాడిన జొన్న చేలోకి తోలాడు. పొద్దు వాలేలోగా పదకొండు ఆవులు కూలిపోయాయి.

సంగతి విన్న సుంకులమ్మ కొలువుకు పరుగెత్తింది.

"పేడ కంపుతో లోపలికా?" అన్నాడు ద్వారపాలకుడు.

"ఆ కంపు ఉన్నవాళ్లనే ముందు పిలవాల్సింది, నాయనా!" అని అతణ్ణి దాటుకుని వెళ్లింది.

"మూడు రోజులు వేలాడదీశాం. ఒక్కరైనా నోరు మెదిపారా?" అన్నాడు విరూపాక్షయ్య.

"ఎక్కడ వేలాడదీశారయ్యా? మా దొడ్లోనా, మా కొండ మీదా? కవిని అడిగారు, వర్తకుణ్ణి అడిగారు, సిపాయిని అడిగారు. ఆవును కాచేవాళ్లను అడగడానికి మీకు నామోషీ! మా అమ్మ ఏడ్చి నేర్చుకున్న మాటను మీరు నవ్వి కాల్చేశారు. ఆ నోరులేని జీవాల ఉసురు ఎవరికి తగలాలి?"

రాజు తల దించుకున్నాడు. "తప్పు మాదే, తల్లీ. ఇకమీదట ఆకు తీసేముందు ఆ పని ఎరిగినవారికి కబురు వెళ్లాలి."

విరూపాక్షయ్య ఊరుకోలేదు. "అప్పుడు ఎవరి ఆకును వారే వెనకేసుకొస్తారు, ప్రభూ! ఇదిగో ఈ ఆకు, ఈ కాపరులు రాయించిందే. మురళి వింటే ఆవు నేరుగా వెన్నే ఇస్తుందట. చెప్పమ్మా, ఉంచమంటావా?"

"పచ్చి అబద్ధం! అది మా బావ కల్లు తాగి చెప్పి ఉంటాడు. తీసి పారేయండి!" అంది సుంకులమ్మ.

కొలువంతా గొల్లుమంది. పండితుడు మాత్రం నవ్వలేదు. గంటం పట్టి, జొన్న ఆకును తన చేత్తోనే మళ్లీ రాశాడు. దాని కింద తన తల్లి పేరు రాయించి, అది ఆయన చదివి వినిపించేదాకా సుంకులమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.

నీతి: ఒక మాటను చెరిపేముందు, ఆ మాటతో బతికేవారిని పిలిచి అడగాలి.