నాలుగు చున్నీల గోల్

సుంకులమ్మ, పదహారేళ్లు. గోల్‌లో నిలబడే ముందు ఎడమ స్తంభాన్ని ఒకసారి, కుడి స్తంభాన్ని ఒకసారి ముట్టుకుంటుంది. తర్వాత కుడి స్తంభం దగ్గర్నుంచి వెనక్కి నడిచొచ్చి నడుమ ఆగుతుంది. కింద చూసుకోదు. ఎక్కడ ఆగాలో కాళ్లకు తెలుసు.

పదిహేడేళ్ల లోపు అమ్మాయిలకు ఆసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ జరిగితే, పరాయి గడ్డ మీద, దేశం బట్టలేసుకుని కూడా అలాగే చేసింది. ముట్టుకుంది, నడిచింది, ఆగింది.

ఆ ఒక్క మ్యాచ్‌లో ఏడు గోల్స్ పడ్డాయి. ఏడూ ఎడమ పక్కనే. ప్రతిసారీ ఒళ్లంతా చాచి దూకింది. ప్రతిసారీ బంతి ఆమె వేళ్లను దాటుకుని, స్తంభం లోపలి అంచున దూరిపోయింది. గీత అవతల నుంచి కోచ్ ‘ఎడమకు, ఎడమకు’ అని గొంతు చించుకున్నాడు. ఆమె ఎడమకు జరిగేది. ఎదుటి పిల్ల బంతితో దూసుకురాగానే భయం పుట్టేది. కాళ్లు మళ్లీ పాత చోటికే పోయేవి.

జట్టు ఇంటికొచ్చింది.

ఊళ్లో ఆమె కోసం ముందే ఫ్లెక్సీ కట్టించి ఉంచాడు నాగిరెడ్డి. ఆయన పట్టణ క్రీడా సంఘానికి అధ్యక్షుడు. ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తున ఉన్నాడు, ఆమె ఆయన మోచేతి కింద ఉంది. ఓడిపోయిందని తెలిసిన సాయంత్రమే దింపించాడు. ఇప్పుడది మటన్ కొట్టు ముందు ఎండకు అడ్డంగా ఉంది. ఆయన మొహం ఉన్న ముక్కను మాత్రం ఎవరో జాగ్రత్తగా కత్తిరించి తీసుకుపోయారు. సుంకులమ్మ మొహం కింద మేక తొడలు వేలాడుతున్నాయి.

పోయినేడు మగపిల్లల జట్టు జిల్లా కూడా దాటకుండా ఓడి వచ్చింది. వాళ్లకు ‘పోరాడి ఓడిన వీరులు’ అని బిర్యానీ పెట్టారు. మగవాడు ఓడితే పోరాటం. ఆడపిల్ల ఓడితే, పంపినవాడిది తప్పు.

టీ కొట్టు ముందు నుంచి పోతుంటే ఎవడో అడిగాడు. “ఏం మే, ఆడ గోల్ కాచినావా, గేదెల్ని కాచినావా?”

ఇంకొకడు అందుకున్నాడు. “గేదెలైతే ఒకటన్నా ఇంటికి మళ్లేది లేరా.”

నవ్వారు. ఆమె వాళ్లను చూడలేదు. నేరుగా బాలికల హైస్కూలు గ్రౌండుకు పోయింది.

అక్కడ దస్తగిరమ్మ మెట్ల మీద కూర్చుని బంతికి గాలి కొడుతోంది. ఆ బడిలో ఆటల టీచరు. ఊళ్లో ఏ ఆడపిల్ల బంతిని తన్నినా ఆమె నేర్పిందే. పెళ్లి మాట ఎత్తిన ప్రతివాడికీ ఆమె ఒకటే చెప్పేది, నేను ఖాళీగా లేను అని. ఊరు ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు.

సుంకులమ్మ చేతిలోని కవర్‌ను ఆమె ఒళ్లో పెట్టింది. అందులో గోల్‌కీపర్ గ్లవ్స్ ఉన్నాయి.

“ఎవరికన్నా ఇయ్యండి మేడమ్. నేనింక గోల్‌లో నిలబడను.”

దస్తగిరమ్మ గాలి కొడుతూనే ఉంది.

“వచ్చే నెల క్యాంపుకు రానని మీరే ఫోన్ చేసి చెప్పండి. నా ఎడమ చెయ్యి పనికిరాదంట. ఆడున్న కోచ్ అన్నాడు, పేపరోళ్లు రాసినారు, మా నాయిన గూడా అంటున్నాడు. అందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలీలేదు.”

దస్తగిరమ్మ బంతిని నొక్కి చూసింది. పక్కన పెట్టింది.

“పిల్లోల్లను పిల్చుకోని రా,” అంది. “చున్నీలతో.”

ఆ బడిలో ఒక నియమం ఉంది. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఆడుకోవచ్చు. కానీ గేటు నుంచి గ్రౌండు దాకా మీద చున్నీ కప్పుకునే నడవాలి. రోడ్డు మీద పోయే మగవాళ్ల మనసు చెడిపోకుండా. గ్రౌండులోకి రాగానే వాటిని ప్రహరీ గోడ మీద వేసి పరిగెత్తుతారు. ఆ వేళ కూడా గోడ మీద చున్నీలు వరసగా ఉన్నాయి.

“ఒకదానికొకటి ముడెయ్యండి.”

నాలుగు ముడివేసి, తాడులా చుట్టి, పిల్లలు ఆమె వెంట నడిచారు. రోడ్డుకు అవతల మగపిల్లల కాలేజీ గ్రౌండు. పిల్లలు గేటు దగ్గర ఆగారు. అందులోకి వాళ్లు ఎప్పుడూ పోలేదు. పోకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. పోతే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

“రాండి,” అంది దస్తగిరమ్మ.

లోపల ఆడుతున్న మగపిల్లలు ఆట ఆపారు.

“ఏం మేడమ్, బట్టలారేసుకోనీకి తీగ కావల్నా?”

“మీ గోల్ చాలు,” అంది ఆమె.

ఒక కొసను కుడి స్తంభానికి పట్టమంది. రెండో కొసను సుంకులమ్మ చేతికిచ్చింది. సుంకులమ్మ ఎడమ స్తంభం దాకా లాగింది. నాలుగు చున్నీలూ బిగుసుకుని, కొస సరిగ్గా స్తంభాన్ని తాకింది. మిగల్లేదు, తగ్గలేదు.

“చుట్టండి. పోదాం.”

తిరిగి బడికి వచ్చారు. ఆరో తరగతి నుంచి సుంకులమ్మ నిలబడిన గోల్ దగ్గరికి పోయారు. కుడి స్తంభానికి మొదటి కొస పట్టారు. సుంకులమ్మ రెండో కొస పట్టుకుని ఎడమకు నడిచింది.

ఎడమ స్తంభం వచ్చింది. చేతిలో చున్నీ ఇంకా ఉంది.

ఆగింది.

“ఇంకా పో,” అంది దస్తగిరమ్మ.

స్తంభం దాటి అడుగేసింది. భుజం గోడకు తగిలింది. అది నాగిరెడ్డి జేసీబీ షెడ్డు గోడ. రోడ్డు వైపు చోటు చాల్లేదని బడి గ్రౌండులోకి జరిపి కట్టుకున్నాడు. సుంకులమ్మ ఆ బడికి రాకముందు, గోడ లేచినప్పుడు గోల్ అడ్డమొచ్చింది. ఎడమ స్తంభాన్ని పీకి లోపలికి పాతారు. పైన అడ్డంగా ఉన్న పైపును ఆ మేరకు కోసేశారు. కోసిన ముక్క ఇప్పుడు షెడ్డు తలుపుకు అడ్డగడియ.

సుంకులమ్మ చేతిలో సగం చున్నీ వదులుగా వేలాడుతోంది. అది ఆమె చేయి చాచినంత పొడవుంది.

దాన్ని చూసింది. ఎడమ స్తంభాన్ని చూసింది.

“మీకు తెలుసా మేడమ్?”

“తెలుసు.”

“అడగలేదా?”

“అడిగినా. ఆడపిల్లోల్లే గదా మేడమ్, ఆ మాత్రం చాల్లే అన్న్యాడు. మళ్లా అడిగితే, ఉన్నది గూడా పీకేస్తానన్న్యాడు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?” సుంకులమ్మ గొంతు లేచింది. చిన్నపిల్లలు బెదిరి వెనక్కి జరిగారు. ఆ గ్రౌండులో దస్తగిరమ్మ మీద ఎవరూ ఎప్పుడూ గొంతు లేపలేదు. “ఆడ అంతమంది ముందర... నా చెయ్యే మంచిది కాదనుకున్న్యా మేడమ్. రాత్రిళ్లు దాన్ని కొరుక్కున్న్యా.”

ఎడమ మణికట్టు మీద పళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. దస్తగిరమ్మ వాటిని చూసింది. తల తిప్పుకోలేదు.

“గోల్ లేకుండా పోతాదని భయపడినా,” అంది. “ఆ ఏడింట్లో ఒకటి నాది.”

“మిగిలినవి?”

దస్తగిరమ్మ సుంకులమ్మ చేతిలో వేలాడుతున్న చున్నీ వైపు చూపింది.

“పూర్తిగా చాపు.”

సుంకులమ్మ లాగింది. చున్నీ గోడకు ఒత్తుకుని ముద్దయింది. ఇంకోసారి లాగింది.

“గోడ అడ్డముంది మేడమ్.”

“ఆ,” అంది దస్తగిరమ్మ. గ్లవ్స్ ఉన్న కవర్‌ను గోడ మొదట్లో పెట్టి, బంతి తెచ్చుకోవడానికి మెట్ల వైపు పోయింది.

ఆ ఆదివారం పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, సుంకులమ్మ ఆ గ్లవ్స్ తొడుక్కుని గడ్డపారతో షెడ్డు గోడ పగలగొట్టింది. నాగిరెడ్డి కేసు పెట్టాడు. దేశం జట్టు క్యాంపు మొదలైన రోజు ఆమె కోర్టు వరండాలో నిలబడి ఉంది. మళ్లీ ఆమెను పిలవలేదు.

ఆ గోల్ ఇప్పుడు నాలుగు చున్నీల వెడల్పుంది. అందులో వేరే పిల్ల నిలబడుతోంది.