మిగిలిన సరుకు కొన్న మహారాజు

పూర్వం, ఏరులు తాము పుట్టిన కొండల పేర్లను ఇంకా మరచిపోని కాలంలో, శోణవతీ నదీతీరాన వర్ధమానమనే దేశాన్ని సువ్రతసేన మహారాజు, శత్రుగజసింహుడు, ఆశ్రితకల్పవృక్షము, ధర్మం తప్పక పాలించేవాడు. ఆ వంశానికి ఒక ఆచారముండేది. సంతనాడు పొద్దు వాలగానే రాజు పట్టపుటేనుగునెక్కి, శ్వేతచ్ఛత్రంతో, భేరీనాదాలతో సంతకు వచ్చి, అమ్ముడుపోక మిగిలిన సరుకంతా అడిగిన ధరకు కొనవలెను. బేరమాడితే కిరీటానికి తలవంపు. అన్యాయపు ధర ఎవడైనా అడిగితే పక్కవాడే నవ్వేవాడు. అందుచేత ఆ దేశపు కుమ్మరి జంకు లేక మరో కుండ చేసేవాడు, సాలెవాడు మరో చీర నేసేవాడు. అంతఃపురంలో మాత్రం ముదిరిన బెండకాయల పులుసు తప్ప వేరొక కూర ఎరుగరు.

ఆ రోజుల్లో కపిశాయన మహర్షి అతిథిగా వచ్చాడు. ఆయన సామాన్యుడా? గడ్డంలో గువ్వలు గూడు కట్టుకోగా, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా తల కదపక తపస్సు చేసిన మహానుభావుడు. అటువంటి వాని పంటిలో బెండకాయ పీచు ఇరుక్కున్నది. శపించి ఊరుకుంటే దేశానికి కొంత మేలే జరిగేది. ఆయన శపించక, సభలో లేచి ఉపన్యసించాడు.

"ఓ ప్రజలారా, ఏనుగునకు మేత, ఛత్రమునకు ముత్యములు, భేరికి చర్మము, ఇవన్నియు మీ చెమటయే కదా! ఒక్క తలకు నీడ పట్టుటకు దేశమంతయు ఎండలో నిలువనేల? రాజు లేని ఈ దేశమున సిరి రెట్టింపు కాకున్న, నా తపఃఫలము సమస్తము నశించుగాక!"

జనం అవునవునన్నారు. సువ్రతసేనుడు చిరునవ్వుతో కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, పట్టమహిషి మలయవతితో అడవికి వెళ్లిపోయాడు.

మొదటి ఏడు ధనాగారం పొంగిపొర్లింది. మహర్షి గడ్డం నిమురుకున్నాడు. మరుసటి ఏడు కుమ్మరి, మిగిలితే ఎవరు కొంటారని కుండలు కాల్చే ఆవం సగమే పేర్చాడు. సాలెవాడు మగ్గం దించాడు, రైతు పత్తి మానాడు. చీకటిపడేదాకా కళకళలాడే సంత మిట్టమధ్యాహ్నానికే లేచిపోసాగింది. అప్పుడు ఐదుగురు పెద్దలు కూడి, రాజుకు బదులు తామే కొంటామని బయలుదేరారు. కుండ వంకరని ఒకరు, వియ్యంకుడి కుండలే కొనాలని ఒకరు తగవులాడుతుండగా కూరగాయలు బుట్టల్లోనే కుళ్లాయి. చేతులు మారుతుంటేనే సుఖించే మహాలక్ష్మి తన పద్మం తాను పట్టుకుని దేశం విడిచింది. ఆమె పొలిమేర దాటిన క్షణాన మహర్షి తపస్సంతా జారిపోయింది. గడ్డంలోని గువ్వలు సైతం లేచిపోయాయి.

తపోబలం పోయినవానికి ఆకలి వచ్చింది. దర్భలు కోయడం తప్ప ఏ పనీ రానందున, ఆయన దర్భలతో చాప అల్లి, సంతలో కుమ్మరి సూరవ్వ పక్కన చతికిలపడ్డాడు.

"ఏం సామీ, ఈ చాప ఒకపక్క పొట్టి, ఒకపక్క పొడుగు. ఎవరి కొలతకి అల్లావు?" అన్నది ముసలమ్మ.

"కొనెదవా, తల్లీ?"

"నా కుండలే పోలేదు. మునుపు ఈ వేళకి ఏనుగు గంట వినపడేది. రాజు దిగి, వేలితో కుండ మీద కొట్టి, 'బాగా మోగుతోందే సూరవ్వా' అనేవాడు. పగుళ్ల కుండ సామీ, అదేం మోగుతుంది? అయినా తెల్లారేసరికి మళ్లీ సారె తిప్పబుద్ధయ్యేది."

ఆమె దారి వైపు చూసింది. ఆయనా చూశాడు. దారిలో ధూళి తప్ప ఏమీ లేదు. మహర్షి చాప చుట్టి ఎత్తుకుంటే, పొద్దున్న తెచ్చినప్పటికంటె అది బరువుగా తోచింది.

అటునుంచి అటే అడవికి పోయి, రాజు పాదాల మీద పడి, సూరవ్వ మాటతో సహా జరిగినదంతా విన్నవించాడు.

"మహర్షీ, ఇక్కడ మలయవతి లేత బెండకాయలు వండుచున్నది. నా దంతములకు ఇప్పటికి సుఖము చిక్కినది. మరల రమ్మందురా?" అన్నాడు సువ్రతసేనుడు.

మలయవతి అప్పటికే మూట కడుతున్నది. "మరి సూరవ్వ కుండలు ఎవరు కొంటారండీ?" అని మాత్రం అడిగింది.

రాజు లేచాడు. ఛత్రం వద్దన్నాడు, భేరి వద్దన్నాడు. సరుకు మోయడానికి ఏనుగు చాలునన్నాడు.

ఆ వారం సంతలో గంట వినపడగానే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రాజు బుట్ట బుట్టా కొంటూ వచ్చి, మహర్షి చాప మీద కూర్చుని, "మెత్తగా నున్నది, స్వామీ" అన్నాడు. దర్భమొనలు ఆయనను ఎలా పొడుస్తున్నవో మహర్షికి తెలుసు. ధర చెప్పడం మరచి, పైకి లేచిన మొనలను గోటితో తుంచసాగాడు.

అంతలో బుట్టల నడుమ మహాలక్ష్మి ప్రత్యక్షమై, "రాజు లేకున్న సిరి పెరుగునంటివి. ఇప్పుడేమందువు?" అన్నది.

"అమ్మా, గొడుగు వలన సిరి రాదు. మిగిలిపోవుననెడి భయమును కొనువాడొకడు కావలెను. వాడు రాజైనను సరే, వేరొకడైనను..."

"ఆ ఐదుగురు పెద్దలా?" అని తల్లి నవ్వి, బేరమాడనంతకాలం ఆ వంశాన్ని, ఆ దేశాన్ని వీడనని వరమిచ్చింది. మహర్షి తపఃఫలాన్నీ చేతికందించబోయింది.

"ఎల్లుండి పుచ్చుకుందునమ్మా. రేపు పొరుగూరి సంత. ఇంకా రెండు చాపలు అల్లవలసియున్నది" అన్నాడు కపిశాయనుడు.

ఈ కథ విన్నవారికి మోక్షం మాట దేవుడెరుగు గాని, పొద్దుగూకే వేళ ఒంటరిగా కూర్చున్న బుట్ట దగ్గర బేరమాడబోయి ఒకసారి నాలుక కరుచుకుంటారు. అంతమాత్రానికే మహాలక్ష్మి సంతోషిస్తుందని పెద్దల మాట.