కిరణాలకు అడ్డం కట్టిన వల

పైడితల్లి ఇంతవరకూ నోరు విప్పి ఎవరితోనూ అనని మాట ఒకటుంది. అటక మీదున్న ఆ గాజు గొట్టమంటే ఆమెకు భయం.

కానీ ఆ ఇంట్లో అలాంటి మాట అనడానికి లేదు. ఎందుకంటే వాళ్ళది తెలివైన ఇల్లు. ఈ సంగతి ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే చెప్పుకునేవారు. "మన గడప తొక్కితే దోమక్కూడా బుద్దొస్తాది," అనేది మామ్మ బంగారమ్మ. కొడుకు ఎర్రయ్య చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి. "వానొస్తే వలలు లోపల పెట్టు" అంటే, వాన రాలేదు కదా అని, దొంగ ఎత్తుకుపోతున్నా చూస్తూ కూర్చున్నవాడు. అతని బావమరిది సోమేలు ఇంకా తెలివైనవాడు. సగం మాట వింటే చాలు, మిగతా సగం తనే చేసేసేవాడు.

ఎర్రయ్య కూతురే పైడితల్లి. పదో తరగతితో బడి మానేసి, పాత పుస్తకాలు ముందేసుకుని రేడియోలు, టీవీలు బాగుచేయడం తనంతట తానే నేర్చుకుంది. పట్నంలో పాతసామాన్ల కొట్లో ఎక్స్‌రే గొట్టం ఒకటి, ఏదో కాలేజీ పారేసిన టిక్కుటిక్కు పెట్టె ఒకటి కొనుక్కొచ్చింది. కంటికి కనబడని కిరణాలు ఎక్కడున్నా ఆ పెట్టె టిక్కుమంటుంది. విరిగిన టీవీల్లోంచి సామాను పీకి గొట్టానికి కరెంటు పెట్టే సరంజామా కూడా కట్టింది. అంతే, మూడేళ్ళుగా అన్నీ అటక మీదే. ఎవరైనా అడిగితే "ఇంకా పనుంది" అనేది.

శుక్రవారం పొద్దున్న మామ్మ ముక్కుపుడక తీసి గంజి చిప్ప పక్కన పెట్టి మొహం కడుక్కుంది. తిరిగి చూసేసరికి మేక గంజి తాగేసి మూతి నాక్కుంటోంది. పుడక లేదు.

"ఇంట్లో పోయింది ఇంట్లో ఎతకాల, మేకలో పోయింది మేకలో ఎతకాల," అన్నాడు ఎర్రయ్య. "ఆదివారం కోసేద్దాం."

ఆ మేకను పుట్టిన రోజు నుంచి పాలసీసాతో పెంచింది పైడితల్లి. "రెండ్రోజులాగు అయ్యా. లోపలుంటే అదే వెనకనుంచి వచ్చేస్తాది."

"వెనకనుంచొచ్చింది తీసి నా ముక్కుకెట్టుకోమంటావేటే?" అంది మామ్మ.

ఇంకేముంది, పైడితల్లి నోరు జారింది. "కొయ్యకుండానే లోపల సూపిస్తాను. పుడక నేకపోతే మేకనొదిలేయాల. మాటియ్యి అయ్యా."

ఎర్రయ్య మాటిచ్చాడు. శనివారం పొద్దున్నే పైడితల్లి గొట్టం దించి, మేకను ఎదురుగా కట్టి, పుస్తకంలో జాగ్రత్తలున్న పేజీ తీసి గట్టిగా చదివింది. "ఒకటి. గొట్టానికి వీలైనంత దూరంగా ఉండాలి."

ఎర్రయ్య లేచి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళకేమో అనుకున్నారు. పడవెక్కి పోయాడు. పక్క పాలెం వాళ్ళు మధ్యాహ్నానికి నడిసముద్రంలో తెడ్డేస్తున్న ఎర్రయ్యను పట్టి తాడేసి లాక్కొచ్చారు.

"ఎక్కడికెళ్ళిపోతున్నావు అయ్యా?"

"ఇంకా వీలవుతూనే ఉందే. వీలున్నంత దూరం అన్నావు, నువ్వే గదా."

సరే, రెండోది చదివింది. "మనుషులకూ గొట్టానికీ మధ్య సీసం అడ్డం ఉండాలి."

"సీసానికేటి తక్కువ మనకి?" అని సోమేలు అంచంతా సీసం గుళ్ళున్న విసురు వల తెచ్చి, గది మధ్యలో తెరలా వేలాడగట్టాడు.

"మావా, కిరణాలు కంతల్లోంచి వచ్చేస్తాయి."

"కిరణాలు పెద్దవా, మెత్తళ్ళు పెద్దవా?"

"మెత్తళ్ళే."

"మెత్తళ్ళే తప్పించుకోనేవు దీన్నుంచి," అన్నాడు సోమేలు. నిజానికి వేలెడంత లేని ఆ చేపలు రోజూ తప్పించుకునేవి. అందుకని రెండో వల కూడా కట్టాడు.

"గొట్టం రెప్పపాటు సేపే వెలగాలి," అని పైడితల్లి మూడోది చదివింది. ఆ పని మామ్మకప్పగించారు. మామ్మ రెప్ప వేయగానే స్విచ్చి ఆపాలి. మామ్మ కళ్ళు కోడిగుడ్లంత చేసుకుని కూర్చుంది.

"నాలుగు. ప్రమాదం ఎవరికుంటే టిక్కుటిక్కు పెట్టె వాళ్ళ ఒంటిమీద ఉండాలి."

"రేపు కోత ఎవరికి?" అంది మామ్మ. అంతే, సోమేలు పెట్టెను మేక మెడకు కట్టేశాడు. పైడితల్లి ఐదోది కూడా చదివింది గానీ, ఎవరూ విన్నట్టు కనబడలేదు.

మేక వెనక ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చిన ఫిల్ము పెట్టి, పైడితల్లి కళ్ళు మూసుకుని స్విచ్చి వేసింది. పెట్టె ఎప్పుడో ఒకసారి టిక్కుమంటోంది. మామ్మ రెప్ప వేయలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వేయలేదు.

"రెప్పెయ్యి మామ్మా."

"నలుగురు ఆడపడుచుల ముందరెయ్యనేదు, ఓ గొట్టం ముందరేస్తానా?"

పైడితల్లి ఆగలేక తానే స్విచ్చి ఆపేసింది. ఫిల్ము కడిగి చూస్తే అంచు నుంచి అంచు దాకా నల్లగా ఉంది. ఆమె తలపట్టుకుంది. "ఈ ఫిల్ము పొట్లం ఎవరైనా విప్పారా?"

"నేనే," అన్నాడు సోమేలు. "ముందే ఏదైనా బొమ్మ ఉందేమోనని ఎండలో పెట్టి అటూ ఇటూ సూశాను. ఏం నేదు, శుబ్బరంగా ఉంది."

ఎర్రయ్య నల్ల ఫిల్మును వెలుతురుకెత్తి చూసి తలాడించాడు. "బాగానే వొచ్చింది. మేక కడుపులో దీపమెవడెడతాడు, సీకటే ఉంటాది. రేపు కోసి ఎలుగు సూపిస్తే గానీ పుడక కనబడదు."

పైడితల్లి వైర్లు చుట్టబోయింది. చూస్తే ప్లగ్గు నేల మీద పడి ఉంది. గొట్టం అసలు వెలగనే లేదు. "మావా, ఇది ఎవరు పీకారు?"

"ఐదోది నువ్వే గదే సదివావు, గదిలో మనుషులుండగా గొట్టానికి కరెంటియ్యకూడదని. మేం ముగ్గురం లోపలే ఉన్నాం గదా."

ఆమెకు నవ్వొచ్చింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఈ లోపల మేక తాడు కొరికేసి, మెడలో పెట్టెతో సముద్రం వైపు పరుగు తీసింది. నలుగురూ దాని వెనకే.

ఒడ్డున నల్ల ఇసుక మేటలు ఉంటాయి. మేక వాటి మీదికెక్కిందో లేదో, పెట్టె ఆగకుండా టిక్కుటిక్కు టిక్కుటిక్కుమని కొట్టుకోవడం మొదలెట్టింది.

"కిరణాలు మింగేసింది," అన్నాడు సోమేలు.

ఎర్రయ్య నాలుగడుగులు వెనక్కేశాడు. "అయితే కొయ్యకూడదు. కోస్తే ఇల్లంతా పడతాయి. పడవెక్కించి నడిసముద్రంలో దింపేద్దాం."

"దింపితే మునిగిపోతాది అయ్యా."

"దింపడం మన పని. మునగడం దానిష్టం."

అతను అప్పుడే పడవ తోస్తున్నాడు. పైడితల్లి పరుగున వెళ్ళి మేక మెడలోంచి పెట్టె విప్పింది. మేకను పొమ్మంది, పెట్టెతో తాను అక్కడే నిలబడింది. పెట్టె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వెనక దారి మీదికి నడిచింది. టిక్కు నెమ్మదించింది. మళ్ళీ నల్ల ఇసుక మీదికొచ్చింది. టిక్కుటిక్కు టిక్కుటిక్కు.

"అలవాటైపోయింది పెట్టెకి," అన్నాడు సోమేలు.

"మేక కాదు మావా. ఇసకలో ఏదో ఉంది."

"ఇసకలో ఏటుంటాది?" అంది మామ్మ. "మనం పుట్టింది దీని మీదే, పడుకున్నది దీని మీదే."

ఆ మాటకు పైడితల్లి కాళ్ళ కింద ఇసుక వైపు చూసుకుంది. పుస్తకంలో ఇది లేదు. పెట్టె తిరగేస్తే, వెనక తెల్లరంగుతో రాసి ఉంది: హైమావతి, ఫిజిక్స్ లెక్చరర్, కింద ఫోన్ నంబరు.

"అయ్యా, పడవ ఆపు," అంది. "నాకు భయమేస్తోంది. ఇదేటో నాకు తెలీదు. ఈవిడికి ఫోన్ చేసి అడుగుతాను."

ఆ ఇంట్లో మూడు తరాలుగా వినబడని మాట అది. ఎర్రయ్య పడవ వదిలేశాడు. మామ్మ రెప్పలు టపటపలాడించింది. సోమేలు ముందుకొచ్చాడు.

"ఫోను మేకకియ్యే పిల్లా. పెట్టె మోసింది అది, పడవెక్కబోయేది అది. దాని గోడు అదే సెప్పుకోవాల."

పైడితల్లి కాసేపు ఆలోచించింది. మాట సబబుగానే తోచింది.

"ముందు నేను మాట్లాడి, తర్వాత దానికిస్తాను మావా," అని ఫోన్ తీసి మొదటి అంకె నొక్కింది.