చంద్రుడు ఏ స్టేషన్ పరిధి?

తల్లులారా, తండ్రులారా, ముందుగా ఆ సింహాద్రి అప్పన్నకి ఓ దణ్ణం పెట్టుకుని కూర్చోండి. బుద్ధి ఇచ్చేవాడు ఆయనే. ఇచ్చేటప్పుడు గుమ్మలపాడు పోలీస్ స్టేషన్ వైపు ఎందుకు చూడలేదో మాత్రం ఆయన్నే అడగాలి.

ఆ స్టేషన్‌కి ఎస్సై పుండరీకం. మంచివాడు, శనివారం ఒంటిపూట భోజనం తప్పనివాడు. సైబర్ నేరాల మీద పట్నంలో ఒకపూట శిక్షణ పొంది వచ్చాడు. అక్కడ చెప్పిన ప్రతి ముక్కా చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకున్నాడు. ఏ ముక్క ఎందుకు చెప్పారో మాత్రం అడగలేదు. చట్టం ఒక మాట అందంటే ఆ మాటేననీ, అందులో మన తెలివి కలిపితే కల్తీ అవుతుందనీ అనేవాడు. హెడ్డు ఏకాంబరం, కానిస్టేబుల్ గవరయ్య ఔనౌనని తలలూపేవారు. జిల్లాలో తమ అంత తెలివైన స్టేషన్ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే వరహాలమ్మ అనే ఆవిడ ఫోన్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. ఎవడో పంపిన లింకు నొక్కిందట, ఫోన్ కాస్తా లాకైపోయిందట. డబ్బు పంపితేనే తెరుస్తానని తెర మీద వాడి నంబరు.

"ఫోను పోతే పోనీండి బాబూ. మా ఆయన పోయి ఏడాదైంది. ఏకాదశి భజనలో ఆయన పాడిన పాట ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ గొంతు ఇప్పించండి, చాలు" అంది.

పుండరీకానికి గుండె కరిగింది. ఎలాగైనా ఇప్పించాలనుకున్నాడు. ఆవిడ గడప దాటి లోపలికి రాబోతుంటే సరిగ్గా అప్పుడే శిక్షణ గుర్తొచ్చింది. సాక్ష్యం ఏ స్థితిలో దొరికితే ఆ స్థితిలోనే ఉంచాలి.

"అమ్మా, కదలకండి" అన్నాడు.

అంతే. దొరికినప్పుడు ఫోన్ ఆవిడ చేతిలో ఉంది, కాబట్టి ఆవిడ చేతిలోనే ఉండాలి. ఆవిడ కాలొకటి గడప లోపల, ఒకటి బయట, కాబట్టి అలాగే నిలబడాలి. కాసేపటికి ఆవిడ మొహం మీది ఎండ పక్కకి జరిగింది. స్థితి మారిపోతోందని ఏకాంబరం కంగారుపడి, గోడ మీది అద్దం ఊడబెరుక్కొచ్చి ఎండని మళ్ళీ ఆవిడ మొహం మీదకే కొట్టించాడు. మధ్యమధ్య గవరయ్య చెంచాతో టీ తాగించాడు. నాయనా, నేను సాక్ష్యాన్ని కాదు, మనిషినని ఆవిడ మొత్తుకుంటే, ఆ సంగతి కోర్టులో చెప్పుకోమన్నారు.

తర్వాత పరిధి. నేరం ఎక్కడ జరిగితే ఆ స్టేషన్‌దే కేసు. ఆవిడేమో మా వంటింట్లో జరిగిందంటుంది. చేసినవాడు ఆ వంటింట్లో లేడాయె. వాడెక్కడున్నాడో వాణ్ణే అడిగితే పోలా అని పుండరీకం స్టేషన్ ఫోన్ నుంచి మర్యాదగా మెసేజ్ పెట్టాడు. తమరు ఏ స్టేషన్ పరిధిలో కూర్చుని నేరం చేశారో తెలుపగలరని. దొంగ ఒక నవ్వు బొమ్మ పెట్టి, చంద్రమండలం అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ తలలు పట్టుకున్నారు. చంద్రుడు ఏ స్టేషన్ కిందికి వస్తాడు? ఆ రోజు శుద్ధ అష్టమి. మధ్యాహ్నం దాటేసరికి తూర్పున పల్చగా లేచాడు చంద్రుడు. గవరయ్య డాబా ఎక్కి చూసి, కాలవకి ఇవతలే ఉన్నాడండి అని కేకేశాడు. కాలవకి ఇవతలంతా గుమ్మలపాడు స్టేషన్‌దే.

"అవతలికి పోయేలోపు రాసెయ్యండయ్యా" అన్నాడు పుండరీకం. కేసు నమోదైంది.

ఇక ఫోన్ తెరవాలి. అది ఎవరి అదుపులో ఉందో వాళ్ళకి నోటీసు ఇవ్వనిదే తెరవకూడదు. వరహాలమ్మ తెరవలేకపోతోంది, కాబట్టి ఆవిడ అదుపులో లేదు. దొంగ తెరవగలడు, కాబట్టి నోటీసు దొంగకి. తండ్రి పేరు, పుట్టుమచ్చలు తెలపాలి, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని హాజరవ్వాలి. జవాబు రాకపోతే రిమైండరు. రిమైండరు అందిందా అని ఇంకో రిమైండరు. ముద్దాయి తిండీతిప్పలు పోలీసుల బాధ్యతేనని ఏకాంబరానికి గుర్తొచ్చి, అన్నం తిన్నారా, ఏం కూర అని కూడా అడిగాడు. దొంగ స్టేషన్ నంబరు బ్లాక్ చేస్తే గవరయ్య సొంత ఫోన్ నుంచి మొదలుపెట్టాడు.

పొద్దు వాలేసరికి దొంగకి ఓపిక చచ్చిపోయింది. అయ్యా, తెరిచేశాను, మీకో దణ్ణం, నన్నొదిలెయ్యండని రాసి మాయమయ్యాడు.

వరహాలమ్మ చేతిలో ఫోన్ వెలిగింది. ఆయన పాట వెతికి నొక్కింది. చిడతల చప్పుడు మధ్య ఆయన గొంతు లేచింది, కాస్త బొంగురుగా, కాస్త శ్రుతి తప్పి. ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుని గడప మీదే కూలబడింది. పుండరీకం టోపీ తీసి కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. స్వామి ఎవరి చేత ఏం చేయిస్తాడో చూశారా.

పాట అయ్యాక కళ్ళు తెరిచాడు, ఒళ్ళంతా చెమట పట్టింది. లాకై దొరికిన సాక్ష్యం తెరుచుకుని కూర్చుంది. దయచేసి మళ్ళీ లాక్ చేయగలరని దొంగకి రాశాడు. ఆ నంబరు మూగబోయింది. ఇక దారిలేక ఫోన్ తీసుకుని తనే కొత్త అంకెలు పెట్టి లాక్ చేశాడు. ఫిర్యాదు చేసినవాళ్ళ దగ్గర ఏదీ దాచకూడదు గనక ఆ అంకెలు ఆవిడకి చెప్పి, ఫోన్ ఆవిడ చేతిలోనే పెట్టాడు.

ఏకాంబరం గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఈ ఫోన్ లాక్ చేసినవాడే కదండీ మన ముద్దాయి?"

"అవును. అందులో అనుమానమేముంది?"

"మరి తమరే..."

పుండరీకం ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత మొహం వెలిగిపోయింది. పొద్దున వచ్చిన కేసు సాయంత్రానికి తేలిపోయింది, జిల్లాలో ఏ స్టేషన్‌కి ఇంత పనితనం ఉంది? సంతోషంగా రెండు చేతులూ చాపాడు. వాళ్ళు బేడీలు వెతుక్కునే సందడిలో వరహాలమ్మ ఫోన్ కొంగున ముడేసుకుని, చెప్పకుండా ఇంటిదారి పట్టింది.

లాకప్‌లో కూర్చున్న పుండరీకానికి ఆకలేసింది. బెయిలుకి అర్జీ రాసి ఊచల్లోంచి బయటికి అందించాడు. స్టేషన్ బెయిలు ఇవ్వాల్సింది ఎస్సై గారు. గవరయ్య అర్జీ పట్టుకెళ్ళి ఎస్సై కుర్చీ ముందు పెట్టాడు, కుర్చీ ఖాళీ. మళ్ళీ తెచ్చి ఊచల్లోంచి లోపలికి అందించాడు. పుండరీకం కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, అడ్డంగా కొట్టేసి, బయటికిచ్చాడు.

"ముద్దాయికి ఈ స్టేషన్‌లో పలుకుబడి చాలా ఎక్కువ. బయటికొస్తే సాక్షుల్ని బెదిరిస్తాడు" అన్నాడు. "వాడి సంగతి నాకు తెలుసు."