పొయ్యి ఎక్కనన్న రాయి

రాళ్లకు కూడా నోరున్న రోజుల్లో, అనగనగా ఒక ఏరు. ఒకనాటి మధ్యాహ్నం ఆ ఏటి ఒడ్డున రెండు ఎడ్లబండ్లు ఆగాయి. తీర్థానికి వెళ్తున్న పోలమ్మ కుటుంబం వంటకు దిగింది.

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలు మొదటిసారి వండేటప్పుడు పొయ్యిరాళ్లు మూడూ తానే ఏరాలి. ఆ పొయ్యి చెదిరిందా, "ఈ పిల్ల పాదం మంచిది కాదు" అని జన్మంతా అంటారు! పాపం, ఈసారి ఆ వంతు కొత్త కోడలు నూకాలుది.

ఏట్లో దిగి వెతికింది. నిగనిగలాడే నల్లరాయి కనిపించింది. "నిప్పుకు ఓర్చుకుంటావా?" అని అడిగింది.

"నాకంటే గట్టిది ఈ ఏట్లోనే లేదు!" అంది నల్లరాయి.

చారల రాయిని అడిగింది. "నన్ను చూస్తే తెలియడం లేదూ?" అని అది మిడిసిపడింది.

మూడోది బూడిదరంగు రాయి. "వద్దు తల్లీ!" అంది అది. "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నీళ్లలోనే ఉన్నాను. కంటికి కనపడని నెర్రెల్లోంచి నా కడుపులోకి నీరు దిగింది. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతుంది. బయటికి దారి దొరక్క నన్ను పగలగొట్టుకుని వస్తుంది. ముక్క తగిలితే కళ్లు పోతాయి! ఆ రెండూ నాలాంటివే."

"పిరికిది!" అని నవ్వాయి ఆ రెండూ.

నూకాలు పరుగున వెళ్లి అత్తకు చెప్పింది.

"ఏటే, రాయి సెప్పిందని వంట మానేత్తావా? పిల్లలు ఆకలికి నకనకలాడతన్నారు!" అని పోలమ్మ కసిరింది. "నువ్వు సూసిన రాళ్లే, నువ్వు ఏరినట్టే లెక్క!" అంటూ నల్లరాయినీ చారల రాయినీ తానే మోసుకొచ్చింది. మూడోదానికి, బండి చక్రం కింద అడ్డుపెట్టే ఎండు కొండరాయిని లాగింది.

కుండ ఎక్కింది. మంట లేచింది. పోలమ్మ మనవరాలు ముత్యాలు పొయ్యి పక్కనే చతికిలబడింది.

"టిక్" మంది నల్లరాయి. "సుయ్" మంది చారల రాయి. ఏట్లోంచి బూడిదరాయి గొంతు చించుకుంది: "పిల్లను తియ్యి నూకాలూ! పరుగెత్తు!"

ఇంకేముంది! పాదం మాట మరిచింది, పేరు మాట మరిచింది నూకాలు. "అత్తా, లెగు!" అని అరుస్తూ పిల్లను చంకనేసుకుని బండి చాటుకు దూకింది. వెనకే పోలమ్మ.

ఢాం! ఢాం!

కుండ పెంకులైపోయింది. గంజి ఆకాశానికి ఎగిరింది. కత్తిలాంటి రాతిముక్క ఒకటి, పిల్ల కూర్చున్న చోటే ఇసుకలో దిగబడి పొగలు కక్కింది. చూశారా, పైన పటారం, లోన లొటారం! కొండరాయి మాత్రం చెక్కుచెదరలేదు.

పోలమ్మ మనవరాలిని ఒళ్లంతా తడిమి చూసుకుంది. ఒక్క గీత లేదు. అప్పుడు బావురుమంది. "నీ పాదం సల్లగుండ, అమ్మా! ఆ రాయి మాట నాను ఇన్లేదు, నువ్వు ఇన్నావు."

అత్తాకోడళ్లు కొండవైపు నడిచి, ఏటికి దూరంగా ఎండలో ఎండిన రాళ్లు రెండు తెచ్చారు. పిల్లలను ఎడంగా కూర్చోబెట్టి, సన్నమంటతో మొదలుపెట్టారు. ఇంకో కుండలో గంజి ఉడికింది, అందరి కడుపూ నిండింది.

మరి బూడిదరాయి? దాన్ని నూకాలు ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. పసుపు నూరాలన్నా, కారం నూరాలన్నా ఆ రాయే. ఆ ఇంటికి కొత్త కోడలు వచ్చినప్పుడల్లా, పొయ్యిరాళ్లు ఏరే ముందు దాన్నే సలహా అడిగేవారు.

కడుపులో దాచుకున్న లోపం నిప్పు తగలగానే పేలుతుంది. ముందే నోరు విప్పి చెప్పుకున్న లోపం పదిమందిని కాపాడుతుంది.